గడప నుంచి గడప దాకా: పెద్దవాళ్ల రాకపోకలు ఆగకుండా చూసుకోవడం ఎలా

ఊళ్లో బస్సు ఆగుతుంది, ఆడవాళ్లకు టికెట్టు డబ్బులు కూడా అక్కర్లేదు. అయినా అమ్మమ్మ ఏడాదిగా పక్కూళ్లో ఉన్న చెల్లెలి ఇంటికి వెళ్లలేదు. అడిగితే "ఓపిక లేదురా" అంటుంది. ఆ ఓపిక ఎక్కడ పోతోందో ఆరా తీస్తే చిన్నచిన్న సంగతులే బయటపడతాయి. స్టాపు దాకా నడిచే దారిలో కాసేపు కూలబడే చోటు లేదు. బస్సు మొదటి మెట్టు మోకాలికి అందనంత ఎత్తు. మధ్యలో ఒంటికి వెళ్లాల్సి వస్తే ఎలాగన్న బెంగ. సాయంత్రం తిరుగు బస్సు వస్తుందో రాదో తెలియదు. వీటిలో ఏ ఒక్కటి తెగినా ప్రయాణం మొత్తం ఆగిపోతుంది. కాబట్టి ఏ బండి మంచిదన్న ప్రశ్న తర్వాత చూసుకోవచ్చు. ముందు ఎక్కడ తెగుతోందో పట్టుకోవాలి.

ముందు దారి నడిచి చూడండి

పెద్దవాళ్లతో కలిసి ఇంటి దగ్గర్నుంచి స్టాపు దాకా ఒకసారి వాళ్ల నడకలోనే నడవండి. ఎన్నిసార్లు ఆగారు, ఎంత దూరానికి ఆగారు, మొత్తం ఎన్ని నిమిషాలు పట్టిందో ఫోనులో రాసుకోండి. మీకు ఆరు నిమిషాలు పట్టే అర కిలోమీటరుకు వాళ్లకు పన్నెండు పదిహేను పట్టడం మామూలే. రెండు వందల మీటర్లకోసారి ఆగేవాళ్లకు ఆ దారిలో కూర్చోవడానికి రెండు చోట్లు కావాలి. కిరాణా కొట్టు బల్ల, గుడి మెట్లు, తెలిసినవాళ్ల అరుగు, ఏదైనా సరే. కొట్టతనితో ముందే ఒక మాట చెబితే స్టూలు వేస్తాడు. చెప్పకపోతే పెద్దవాళ్లు మొహమాటపడి నిలబడే ఉంటారు.

చాలామంది మరిచిపోయేది తిరుగు స్టాపు. వెళ్లేటప్పుడు బస్సు రోడ్డుకు ఇటువైపు ఆగితే, వచ్చేటప్పుడు అటువైపు దింపుతుంది. నాలుగు వరుసల హైవే అయితే ఆ దాటడమే ప్రయాణం మొత్తంలో ప్రమాదమైన పని. డివైడరులో మనుషులు దూరే సందులోంచి పెద్దవాళ్లను పంపకండి. అండర్‌పాస్ ఉన్న స్టాపు కాస్త దూరమైనా అక్కడే దిగమనండి, లేదా దిగేచోటికి ఎవరినైనా పంపండి. బస్సెక్కే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: "ఊళ్లోకి వెళ్తుందా, బైపాసా?" ఎక్స్‌ప్రెస్‌లు కొన్ని ఊరి బయట బైపాస్ మీదే దింపేసి పోతాయి. అక్కడ చెట్టు నీడ కూడా దొరకదు, ఆటో ఉంటే అదృష్టం.

తిరుగు ప్రయాణాన్ని ఎప్పుడూ ఆఖరి బస్సుకు పెట్టుకోకండి. దాని ముందు బస్సుకు పెట్టుకుంటే, అది తప్పినా ఇంకొకటి ఉంటుంది. బస్సు ఎక్కడుందో చూసుకోవడానికి తెలంగాణ ఆర్టీసీకి గమ్యం యాప్, ఏపీఎస్ఆర్టీసీకి లైవ్ ట్రాక్ యాప్ ఉన్నాయి. పెద్దవాళ్ల ఫోనులో లేకపోయినా ఇంట్లోవాళ్లు చూసి ఫోను చేసి చెప్పొచ్చు. అయితే ట్రాకింగ్ పరికరం లేని పల్లె బస్సు యాప్‌లో కనిపించదు. అలాంటప్పుడు స్టాపు పక్కన టీ కొట్టతని మాటే యాప్‌కన్నా నమ్మకం.

బస్సులో టికెట్టు దగ్గర తగాదా రాకుండా

తెలంగాణలో మహాలక్ష్మి పథకం 2023 డిసెంబరు 9 నుంచి ఉంది. పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్, హైదరాబాదులో సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ఉచితం. ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీశక్తి పథకం 2025 ఆగస్టు 15న మొదలైంది. పల్లె వెలుగు, అల్ట్రా పల్లె వెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్ బస్సులకు వర్తిస్తుంది. రెండుచోట్లా ఆ రాష్ట్రంలో నివాసం ఉన్నట్టు చిరునామా ఉన్న గుర్తింపు కార్డు చూపించాలి. ఉచితమే కదా అని ఊరుకోకూడదు, సున్నా టికెట్టు అడిగి తీసుకోవాలి. చెకింగ్‌లో అదే ఆధారం.

ఇక్కడే పెద్దవాళ్లు ఇబ్బంది పడతారు. గుంటూరు నుంచి కూతురి ఇంటికి హైదరాబాదు వచ్చిన అమ్మ ఆధార్‌లో చిరునామా గుంటూరుదే కాబట్టి ఇక్కడ సిటీ బస్సులో టికెట్టు కొనాల్సిందే. ఇటు నుంచి అటు వెళ్లినవాళ్లకూ అంతే. తెలంగాణలోనే పుట్టి పెరిగినవాళ్ల కార్డు మీద కూడా రాష్ట్ర విభజనకు ముందు తీసిన ఆధార్ అయితే "ఆంధ్రప్రదేశ్" అని ఉంటుంది. కండక్టరుతో రోజూ వాదించే బదులు ఆధార్ కేంద్రానికి వెళ్లి ఒకసారి చిరునామా, ఫొటో రెండూ మార్పించుకోవడం మంచిది. ఫొటోలో మనిషి గుర్తుపట్టలేనట్టు ఉంటే అదీ తగాదాకు దారే. జిరాక్సు, ఫోనులో ఫొటో నమ్ముకోకుండా అసలు కార్డు పెట్టుకోండి. పాన్ కార్డు మీద చిరునామా ఉండదు, అది ఈ పథకాలకు పనికిరాదు.

ఏపీఎస్ఆర్టీసీలో 60 ఏళ్లు దాటినవారికి టికెట్టులో 25 శాతం రాయితీ ఉంది. ఇది మగవాళ్లకూ వర్తిస్తుంది. రిజర్వేషన్ చేసేటప్పుడు సీనియర్ సిటిజన్ అని ఎంచుకుని, ప్రయాణంలో వయసు రుజువు చూపించాలి. మామూలు టికెట్టు తీసేశాక బస్సెక్కి రాయితీ ఇమ్మంటే కుదరదు. హైదరాబాదులో ఒకే రోజు మూడు నాలుగు బస్సులు మారే పనుంటే మగవాళ్లు 24 గంటలు చెల్లే టీ-24 టికెట్టు లెక్క చూసుకోవచ్చు.

చిల్లర సంగతి మరిచిపోకండి. ఐదు వందల నోటు ఇస్తే కండక్టరు బాకీని టికెట్టు వెనక రాసిస్తాడు, దిగే హడావిడిలో పెద్దవాళ్లు అది మరిచిపోయి ఇంటికొచ్చి బాధపడతారు. పది, ఇరవై నోట్లు విడిగా ఒక చిన్న సంచిలో పెట్టి ఇవ్వండి.

ఎక్కడం, దిగడం

ఇంటి మెట్టు ఆరేడు అంగుళాలు ఉంటుంది. పాత పల్లె బస్సు మొదటి మెట్టు రోడ్డు మీద నుంచి అడుగుంబావుకు పైనే, ఒక్కోచోట అడుగున్నర దాకా. అంటే ఇంట్లో మెట్లు బాగానే ఎక్కుతున్నారన్న ధైర్యం బస్సు దగ్గర చాలదు. ఇంటి అరుగో గట్టి దిమ్మో టేపుతో కొలిచి, ఆ ఎత్తును ఒక చేత్తో ఊతం పట్టుకుని ఎక్కగలరేమో పక్కన నిలబడి చూడండి. ఎక్కలేకపోతే ఆ బస్సు వాళ్లకు కాదు. హైదరాబాదులో తిరిగే ఎలక్ట్రిక్ మెట్రో లగ్జరీ లాంటి బస్సుల నేల బాగా కిందికి ఉంటుంది. ఏసీ బస్సు కాబట్టి మహాలక్ష్మి వర్తించదు, కానీ మోకాళ్లు అరిగినవారికి ఆ టికెట్టు డబ్బు దండగ కాదు.

నొప్పి ఉన్న కాలు, బాగున్న కాలు మధ్య ఒక పద్ధతి ఉంది. ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి కాలు ముందు. ఎక్కేటప్పుడు ఒంటి బరువును పైకి లాగాల్సింది ముందు వేసిన కాలు, దిగేటప్పుడు బరువును మోస్తూ కిందికి దించాల్సింది వెనక ఉన్న కాలు, అందుకే ఈ తేడా. చేతికర్ర నొప్పి కాలికి ఎదురువైపు చేతిలో ఉండాలి. ఎక్కేటప్పుడు ఒక చేత్తో కడ్డీ పట్టుకుని, కర్ర మరో చేతిలోనే ఉంచుకోవాలి. వెనక ఉన్నవాళ్లు చంకల కింద చేతులు పెట్టి ఎత్తేయడం మంచిది కాదు, అదుపు తప్పి ఇద్దరూ పడతారు. నడుము దగ్గర ఆసరాగా చెయ్యి ఆనించి నిలబడితే చాలు. సంచి భుజానికి అడ్డంగా వేసుకోవాలి, చేతిలో కర్ర తప్ప ఏమీ ఉండకూడదు.

స్టాపులో కూర్చుని బస్సు వచ్చాక లేస్తే డ్రైవరు చూడడు. బస్సు కనబడగానే లేచి, కర్ర కనబడేలా నిలబడి చెయ్యెత్తాలి. రోడ్డు పక్క గట్టుగా ఉన్నచోట నిలబడితే మెట్టు ఎత్తు రెండు మూడు అంగుళాలైనా తగ్గుతుంది. పల్లానికి ఉన్నచోట అంతకంతా పెరుగుతుంది. పెద్దవాళ్లు బస్సులో పడేది ఎక్కేటప్పుడు కన్నా, ఎక్కాక సీటు దాకా వెళ్లే నాలుగు అడుగుల్లో. "కూర్చున్నాక రైట్ చెప్పు బాబూ" అని కండక్టరుకు గట్టిగా చెప్పడానికి మొహమాటపడొద్దు. దిగేటప్పుడూ అంతే. బస్సు పూర్తిగా ఆగాకే సీట్లోంచి లేవాలి, తలుపు దగ్గరికి ముందే వచ్చి నిలబడొద్దు. ఈ మాట కూడా ముందే చెప్పి ఉంచితే కండక్టరు విసుక్కోడు.

సీటు విషయంలో, ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య ఉన్న వరుసల్లో కుదుపు తక్కువ. వెనక చక్రం దాటాక ఉన్న సీట్లలో గుంత వచ్చినప్పుడల్లా మనిషి ఎగిరిపడతాడు. ఎముకలు గుల్లబారినవాళ్లకు ఆ ఒక్క ఎగురుడుకే వెన్నుపూస దెబ్బతినొచ్చు. వృద్ధులకు కేటాయించిన సీటు ఉంటే అడిగి కూర్చోవాలి. స్కూళ్లు, ఆఫీసుల వేళ దాటాక, పదిన్నర నుంచి మూడు లోపు బయల్దేరితే అడగాల్సిన అవసరమే అంతగా రాదు.

ఆటో: బేరం ఒకసారే, నెలకు సరిపడా

మూడు చక్రాల ఆటో నేల తక్కువ ఎత్తు, గుమ్మం ముందుకే వస్తుంది. అందుకే పెద్దవాళ్లకు ఇదే అసలైన బండి. ఖర్చు, నమ్మకం, ఈ రెండే సమస్యలు. రెండింటికీ మందు నెల ఖాతా.

పిల్లల్ని స్కూలుకు తీసుకెళ్లే ఆటోలు ఉదయం తొమ్మిదిన్నర నుంచి మధ్యాహ్నం మూడు దాకా ఖాళీగా ఉంటాయి. అలాంటి ఆటో అతనితో మాట్లాడండి. నెలలో ఏయే రోజులు ఎక్కడికి, ఒక్కో ట్రిప్పుకు ఎంత, వెయిటింగ్ మొదటి అరగంట కిరాయిలోనేనా, ఆ తర్వాత ఎంత, ఇవన్నీ కాగితం మీద రాసి ఇద్దరి దగ్గరా ఉంచుకోండి. డబ్బు వారానికోసారి ఫోన్‌పే చేస్తే రోజూ బేరం ఉండదు. ఆటో నంబరు, లైసెన్సు ఫొటో తీసి ఉంచుకోండి. అలాగే రెండో అతన్ని కూడా పెట్టుకోండి. పెళ్లిళ్ల సీజన్‌లో మొదటి అతను దొరకడు, అది అతని తప్పూ కాదు. వారానికి మూడుసార్లు డయాలసిస్‌కు వెళ్లేవాళ్లకైతే ఈ రెండో మనిషి తప్పనిసరి. ఇరుగుపొరుగున ఇంకో ఇద్దరు పెద్దవాళ్లు కలిస్తే ఖర్చు మూడోవంతుకు వస్తుంది, దారి పొడవునా కబుర్లు కూడా.

ఎక్కేటప్పుడు తల లోపలికి దూర్చి వంగి ఎక్కుతారు, నడుము పట్టేసేది అక్కడే. ఆటో ఎడమవైపు నుంచి వెనక్కి తిరిగి, మొదట సీటు మీద కూర్చుని, తర్వాత ఒక్కో కాలూ లోపలికి పెట్టాలి. కారుకూ ఇదే పద్ధతి. కారు సీటు మీద ఒక ప్లాస్టిక్ కవరు పరిస్తే తిరగడం తేలిక, కూర్చున్నాక తీసేయాలి. సర్వీసు ఆటోలో డ్రైవరు పక్కన, వెనక చెక్క పలక మీద పెద్దవాళ్లను కూర్చోనివ్వకండి. వెనక సీటు మధ్యలో చోటు లేకపోతే తర్వాత ఆటోకు ఆగడమే మేలు. బైక్ ట్యాక్సీ సంగతి వదిలేయండి.

పిల్లలు వేరే ఊళ్లోనో అమెరికాలోనో ఉండి యాప్‌లో క్యాబ్ పెట్టేవాళ్లు మూడు చోట్ల దెబ్బతింటారు. మొదటిది, డ్రైవరు ఫోను బుక్ చేసిన నంబరుకు వెళ్తుంది. వేరేవారి కోసం బుక్ చేసే ఐచ్ఛికం ఎంచుకుని అమ్మానాన్నల నంబరు పెట్టాలి. రెండోది, మ్యాపులో ఎక్కే చోటు చూపే పిన్ను ఇంటి వెనక సందులో పడుతుంది. ఒకసారి ఇంటికి వెళ్లినప్పుడు గేటు ముందు నిలబడి ఆ చోటును సేవ్ చేసుకోవాలి. మూడోది డబ్బు. మీరు ఆన్‌లైన్లో కట్టేసి ఉంటారు, డ్రైవరు అడిగాడని నాన్న మళ్లీ నగదు ఇస్తాడు. ఓటీపీ నాలుగు అంకెలు, బండి నంబరు, "డబ్బు కట్టేశాను, ఇవ్వొద్దు" ఈ మూడూ ఫోను చేసి నోటితో చెప్పండి. మెసేజి పెడితే కళ్లజోడు వెతుక్కునేలోపు బండి వెళ్లిపోతుంది.

హైదరాబాద్ మెట్రో

విజయవాడ వైపు నుంచి బస్సులో వచ్చే పెద్దవాళ్లను ఎల్‌బీ నగర్‌లో దింపి మెట్రో ఎక్కిస్తే మియాపూర్ దాకా ఒకే రైలు. సిటీ ట్రాఫిక్‌లో రెండు గంటలు కూర్చునే బాధ తప్పుతుంది. స్టేషన్లలో లిఫ్టులున్నాయి. కాకపోతే రోడ్డుకు రెండువైపులా ఉన్న మెట్ల దారులన్నిటి దగ్గరా లిఫ్టు ఉండదు, ఏ దారి దగ్గర ఉందో ముందే చూసుకోవాలి. కింది నుంచి టికెట్ల అంతస్తుకు ఒకటి, అక్కడి నుంచి ప్లాట్‌ఫారానికి ఇంకొకటి, ఇలా రెండు లిఫ్టులు మారాలి. కర్ర పట్టుకున్నవాళ్లు ఎస్కలేటర్ జోలికి వెళ్లొద్దు. లైను మారే అమీర్‌పేటలో సాయంత్రం ఐదు దాటితే తోపులాటే. నాగోల్ లైనుకు మారాల్సినవాళ్లు ఆ వేళ మానుకోవాలి.

మాత్రలు, మూత్రం, ఆకలి

బీపీకో గుండెకో నీటి మాత్ర (మూత్రం ఎక్కువగా పోయించేది) వేసుకునేవాళ్లు పొద్దున్నే అది మింగి బస్సెక్కితే గంటలో అవస్థ మొదలవుతుంది. ఆ భయంతో కొందరు మాత్రే మానేస్తారు, ఇంకొందరు నీళ్లు తాగడం మానేసి ఎండలో కళ్లు తిరిగి పడతారు. ప్రయాణం రోజు ఆ మాత్ర వేళ మార్చుకోవచ్చా అని డాక్టరును ముందే అడగండి. షుగరు మాత్రో ఇన్సులినో వేసుకుని టిఫిను ఆలస్యమైతే చెమటలు, వణుకు వస్తాయి. సంచిలో గ్లూకోజు పొట్లం, బిస్కెట్లు ఉండాలి. బస్టాండు మరుగుదొడ్లు చాలాచోట్ల కూర్చుని లేవాల్సినవే. మోకాళ్లు వంగనివారి కోసం కమోడ్ ఉన్న పెట్రోలు బంకు, ఆసుపత్రి దారిలో ఎక్కడున్నాయో గుర్తుపెట్టుకోండి.

జేబులో ఒక అట్టముక్క: పేరు, రక్తం గ్రూపు, వేసుకునే మందులు, ఇద్దరి ఫోను నంబర్లు. ఫోను లాకై ఉంటే ఎవరికీ పనికిరాదు, అట్టముక్కకు లాకు ఉండదు.

108 అత్యవసరానికే. ఓపీకి వెళ్లిరావడానికి, ఆసుపత్రి నుంచి ఇంటికి రావడానికి అది రాదు. పెద్దవాళ్ల కోసం 14567 ఎల్డర్‌లైన్ ఉంది, ఉదయం 8 నుంచి రాత్రి 8 దాకా పనిచేస్తుంది, సమాచారానికీ సలహాకూ ఫోను చేయొచ్చు.

తగ్గించుకోదగిన ప్రయాణాలు

ఓపికను పనికిమాలిన తిరుగుళ్లకు ఖర్చు చేయొద్దు. ఏపీలో పింఛను నెల మొదట్లో సచివాలయం సిబ్బంది ఇంటికే తెచ్చిస్తారు. ఉద్యోగ పింఛనుదారులు నవంబరులో ఇవ్వాల్సిన లైఫ్ సర్టిఫికెట్టును జీవన్ ప్రమాణ్ యాప్‌లో ముఖం చూపించి ఇంట్లోనే ఇవ్వొచ్చు, పోస్ట్‌మ్యాన్‌ను పిలిపించుకున్నా చేస్తాడు. 70 దాటినవారికి ఇంటి దగ్గరే కనీస బ్యాంకు సేవలు అందించాలని రిజర్వు బ్యాంకు 2017లోనే చెప్పింది. మీ శాఖలో అడగండి. ఇలా మిగిలిన ఓపికను పెళ్లికో గుడికో సంతకో దాచుకోమనండి. సంతకు వెళ్లడం పెద్దవాళ్లకు కూరగాయల కోసం మాత్రమే కాదని ఇంట్లోవాళ్లకు ఎప్పటికీ అర్థం కాదు.

రైలు ప్రయాణమైతే ఒక్క సంగతి. 2020 మార్చిలో ఆపేసిన వృద్ధుల రాయితీ మళ్లీ రాలేదు. కింది బెర్తు కోటా మాత్రం ఉంది: 60 నిండిన మగవాళ్లకు, 45 నిండిన ఆడవాళ్లకు. ఒక టికెట్టు మీద ఒకరు లేదా ఇద్దరే ఉండాలి. తోడుగా మనవణ్ణి అదే టికెట్టులో చేరిస్తే ఆ కోటా వర్తించదు. అతనికి వేరే టికెట్టు తీయండి.

స్కూటరు వదలని తాతయ్యలకు: 55 దాటాక లైసెన్సు ఐదేళ్లకోసారి పొడిగించుకోవాలి. గడువుకు ఏడాది ముందు నుంచే దరఖాస్తు చేయొచ్చు. గడువు దాటి ఏడాది గడిస్తే మళ్లీ పరీక్ష. ఎదురు లైట్లకు కళ్లు చెదురుతున్నాయంటే మొదట రాత్రిపూట నడపడం మానాలి, పగటి సంగతి తర్వాత.

కర్ర

చెప్పులేసుకుని నిటారుగా నిలబడి చేతులు వదిలేస్తే మణికట్టు మడత ఎంత ఎత్తులో ఉందో కర్ర పిడి అంత ఎత్తులో ఉండాలి. చాలామంది పొడుగు కర్ర పట్టుకుని భుజం నొప్పి తెచ్చుకుంటారు. కింద రబ్బరు బూటు అరిగి నున్నబడితే తడి నేల మీద జారుతుంది, మెడికల్ షాపులో దొరుకుతుంది, మార్చేయండి. 2017 ఏప్రిల్ 1న నెల్లూరు జిల్లాలో మొదలైన రాష్ట్రీయ వయోశ్రీ యోజన కింద కర్ర, వాకరు, చక్రాల కుర్చీ, వినికిడి యంత్రం ఉచితంగా ఇస్తారు. 60 నిండి, దారిద్ర్య రేఖకు దిగువన ఉన్నవారు లేదా నెల ఆదాయం 15,000 మించనివారు అర్హులు. కొలతలు తీసుకునే శిబిరం ఒకరోజు, వస్తువులిచ్చే శిబిరం మరో రోజు ఉంటాయి. మొదటి శిబిరానికి వెళ్లనివారికి రెండోసారి ఏమీ దొరకదు. శిబిరం ఎప్పుడో జిల్లా వయోవృద్ధుల సంక్షేమ శాఖ కార్యాలయంలో కనుక్కోవాలి.

ఊరికి బస్సే లేకపోతే

డిపో మేనేజరుకు అర్జీ పెట్టాలి. "మా ఊరికి బస్సు వేయండి" అని ఒక్క ముక్క రాస్తే ఫైల్లోనే ఉంటుంది. ఏ వేళకు ఎంతమంది ఎక్కుతారో ఒక వారం లెక్క రాసి జతచేయండి: సంత రోజు, ఆసుపత్రి ఓపీ వేళ, కాలేజీ వేళ. వృద్ధులతోపాటు విద్యార్థుల సంఖ్య కూడా కలిపితేనే డిపో లెక్కకు ట్రిప్పు గిట్టుబాటుగా కనిపిస్తుంది. కొత్త బస్సు అడగడం కన్నా, పక్క ఊరి దాకా వస్తున్న బస్సును మూడు కిలోమీటర్లు పొడిగించమనడం, వేళ అరగంట మార్చమనడం తేలిగ్గా ఒప్పుకుంటారు.

డిపోవాళ్లు రోడ్డు చూడ్డానికి వచ్చేముందు నాలుగు సంగతులు సరిచేసుకోండి. రోడ్డంచు కోసుకుపోయి ఉంటే మట్టి పోయించాలి. కిందికి వంగిన కొమ్మలు కొట్టించాలి. వేలాడే కరెంటు తీగలకు లైన్‌మన్‌ను పిలవాలి. ఊరి చివర బస్సు తిప్పుకునే చోటు చూపించాలి. ఒకే మలుపులో తిరగాలంటే సుమారు పాతిక మీటర్ల వెడల్పు కావాలి, అంత లేకపోతే రివర్స్ చేసుకోవడానికి పక్క రోడ్డు ఉన్నా సరిపోతుంది. చాలా అర్జీలు ఆగేది ఈ తిప్పుకునే చోటు దగ్గరే. బడి ముందరి ఖాళీ జాగా చూపిస్తే ఒప్పుకోరు, పిల్లలు ఆడుకునే చోట బస్సు రివర్స్ చేయనివ్వరు.

అర్జీ ఒక ప్రతి మీద డిపోలో ముద్ర వేయించుకుని తేదీ రాయించుకోండి. 'డయల్ యువర్ డీఎం' కార్యక్రమం ఉన్న రోజు ఫోను చేసి ఆ తేదీ చెప్పండి. కదలకపోతే సోమవారం కలెక్టరేట్‌లో తెలంగాణలో ప్రజావాణి, ఏపీలో ప్రజా సమస్యల పరిష్కార వేదిక ఉంటాయి. ముద్ర పడిన ప్రతిని అక్కడ జతచేయాలి. బస్సు వచ్చాక మొదటి మూడు నెలలు దాన్ని నిజంగా ఎక్కాలి. ఆటోకు అలవాటుపడినవాళ్లు ఆటోలోనే పోతే, "ఆక్యుపెన్సీ లేదు" అని ఆ ట్రిప్పు ఎత్తేస్తారు. రెండోసారి తెప్పించుకోవడం మొదటిసారి కన్నా కష్టం.